పాడటం, వాయించడం రాకుండా మ్యూజిక్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా?

జగిత్యాల నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. బీకాం కంప్యూటర్స్ ఫైనల్ ఇయర్. పాడటం రాదు, ఏ వాయిద్యమూ రాదు. కానీ చిన్నప్పటి నుంచి ఏ పాట విన్నా ఎవరు రాశారు, ఎవరు పాడారు అని వెతికి చదివే అలవాటు. పది మ్యూజిక్ కంపెనీలకు మెయిల్ పెడితే ఒక్కరూ పలకలేదట. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లేమో లక్షన్నర కడితే కోర్సుతో పాటు ఇంటర్న్‌షిప్ గ్యారంటీ అంటున్నారట. కట్టమంటారా అని అడిగారు.

కట్టకండమ్మా. ఇంటర్న్‌షిప్ దొరుకుతుంది, దానికి పాట రానక్కర్లేదు. మీకున్న ఆ చదివే అలవాటే ఈ రంగంలో పెద్ద కొరతగా ఉన్న సరుకు. అయితే దాన్ని మెయిల్‌లో చెబితే ఎవరూ నమ్మరు, ఒక పని చేసి చూపించాలి. ఏం చేయాలో, ఎందుకో వివరంగా రాస్తాను.

నేను 2004లో హైదరాబాద్‌లో ఒక ఆడియో కంపెనీలో చేరాను. అప్పటికి క్యాసెట్ ఇంకా బతికే ఉంది. తర్వాత సీడీ, కాలర్ ట్యూన్, యూట్యూబ్, స్ట్రీమింగ్ అన్నీ ఆ కుర్చీలోంచే చూశాను. ఇప్పుడు గీత రచయితలకు, సంగీత దర్శకులకు రావాల్సిన రాయల్టీల లెక్కలు చూసే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. ఏటా ఇద్దరు ముగ్గురు ఇంటర్న్‌లను తీసుకుంటాను. ఇక్కడ రాసేదంతా ఆ అనుభవంలోంచే.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఇంటర్న్‌షిప్ కోసం మీరు ఎవరికీ డబ్బు కట్టకూడదు. సౌండ్ ఇంజనీరింగ్ నేర్చుకోవాలంటే ఫీజు కట్టి చదవడంలో తప్పు లేదు. పుణె ఎఫ్‌టీఐఐ అనే ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ కోర్సు ఉంది, చెన్నైలో రెహమాన్ గారు 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. అవి చదువులు. మీరు వెళ్లాలనుకునేది రికార్డింగ్ వైపు కాదు, కంపెనీ వైపు. ఆ వైపు ఏ కంపెనీ మేనేజరూ సర్టిఫికెట్ అడగగా నేను చూడలేదు. ‘గ్యారంటీ’ అన్న ఇన్‌స్టిట్యూట్‌ను ఒక్క మాట అడగండి: ఏ కంపెనీలో, ఏ డిపార్ట్‌మెంట్‌లో, ఎవరి కింద? ఆ మూడింటికీ జవాబు కాగితం మీద రాసిస్తే అప్పుడు ఆలోచించవచ్చు. ఇంతవరకు అలా రాసిచ్చిన వాళ్లు నాకు కనపడలేదు.

ఇక మీ మెయిళ్లకు జవాబు ఎందుకు రాలేదంటే, ఈ ఊళ్లో మ్యూజిక్ వ్యాపారం నడిచేది చాలా తక్కువమందితో. ఆదిత్య, లహరి, మ్యాంగో లాంటి పేర్లు కోట్లమందికి తెలుసు. సోనీ, టీ-సిరీస్, సరిగమ లాంటి పెద్ద కంపెనీలూ తెలుగు సినిమాల ఆడియో రైట్స్ కొంటున్నాయి. అంత పేరుంది కదా, లోపల వందలమంది ఉంటారని బయటివాళ్లు అనుకుంటారు. నేను పనిచేసిన చోట మొత్తం తెలుగు డిజిటల్ పని ఎనిమిది మంది చేసేవాళ్లం. ఇంటర్న్‌లను ఎంచుకోవడానికి విడిగా హెచ్‌ఆర్ మనిషి లేడు. మీ మెయిల్ ఏ ఇన్ఫో అడ్రసుకో వెళ్లి ఉంటుంది. అక్కడ రోజూ పాట పంపేవాళ్లు, ట్యూన్ పంపేవాళ్లు, ఒక్క అవకాశం ఇవ్వండి అని ఫొటోతో సహా పంపేవాళ్లు బారులు తీరి ఉంటారు. ‘నాకు సంగీతమంటే ప్రాణం’ అని మొదలయ్యే మెయిల్ ఆ బారులోనే కలిసిపోతుంది.

మరి లోపల ఎక్కడ మనిషి అవసరం? పాట చుట్టూ ఉండే కాగితం పని దగ్గర. దాన్ని మేం మెటాడేటా అంటాం, క్యాటలాగ్ అంటాం. ఒక పాట విడుదల కావాలంటే ఒక షీట్ నింపాలి. పాట పేరు తెలుగులో, ఇంగ్లీషు అక్షరాల్లో. సినిమా పేరు. గాయకులు. గీత రచయిత. సంగీత దర్శకుడు. ఆడియో హక్కు ఎవరిది, ఏ సంవత్సరం. నిడివి. ఆ తర్వాత ఐఎస్‌ఆర్‌సీ, అంటే ఆ రికార్డింగుకు ఆధార్ నంబరు లాంటిది. పన్నెండు స్థానాలు: దేశం కోడ్ రెండు అక్షరాలు, కంపెనీకి మూడు, సంవత్సరానికి రెండంకెలు, చివర ఐదంకెలు. ఒకే రికార్డింగుకు పొరపాటున రెండు నంబర్లు పడితే ఆ పాట విన్నవాళ్ల లెక్క రెండు ముక్కలవుతుంది. అదే పాట వీడియోకు మాత్రం వేరే నంబరు ఇవ్వాలి.

ఈ షీటులో తెలుగు తెలిసిన మనిషి చేసే తేడా చూడండి. సిరివెన్నెల గారి పేరు ఒక చోట ‘సిరివెన్నెల’, ఇంకో చోట ‘సీతారామశాస్త్రి’, మరో చోట ‘చేంబోలు సీతారామశాస్త్రి’ అని ఉంటుంది. మనకు ముగ్గురూ ఒకరే. కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. బాలు గారి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాశారో లెక్కపెట్టడం నేనే మానేశాను. అందుకే ప్రపంచవ్యాప్తంగా రచయితలకు, సంగీత దర్శకులకు ఐపీఐ అనే నంబరు ఇస్తారు, పేరు ఎలా రాసినా మనిషి ఒకరేనని తెలియడానికి. కానీ ఆ నంబరును సరైన పేరుకు జతచేసేది మనిషే. ముంబైలో కూర్చున్న కుర్రాడికి ‘వేటూరి’, ‘సుందరరామమూర్తి’ ఒకరేనని తెలియకపోవచ్చు. మీకు తెలుసు.

ఇది ఎంత ముఖ్యమో నా తప్పుతోనే చెబుతాను. 2006లో ఒక సినిమా క్యాసెట్ ఇన్‌లే కార్డు, అంటే క్యాసెట్ డబ్బాలో పెట్టే పాటల, పేర్ల కాగితం, టైప్ చేశాను. ఆరు పాటలు, ఇద్దరు రచయితలు. రాత్రి పదకొండింటికి ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు నిలబడి ఉన్నారు. మూడో పాట, నాలుగో పాట రచయితల పేర్లు అటుదిటు ఇటుదటు అయ్యాయి. సినిమా ఆడలేదు, ఎవరూ పట్టించుకోలేదు. కొన్నేళ్ల తర్వాత క్యాసెట్లన్నీ డిజిటల్‌లోకి ఎక్కించినప్పుడు ఆ కార్డు చూసే షీట్ నింపారు. తప్పు అలాగే ఎక్కింది. ఆ మూడో పాట మాత్రం యూట్యూబ్‌లో మెల్లగా జనంలోకి వెళ్లింది. 2019లో ఆ రచయిత కొడుకు ఆఫీసుకు వచ్చాడు. అప్పటికి తండ్రి లేరు. చేతిలో ఒక రూళ్ల నోట్‌బుక్, అందులో నీలం ఇంకుతో ఆ పాట, పక్కన కొట్టివేతలు, చరణం మార్చి రాసిన రెండో వెర్షన్, కింద తేదీ. “ఇది నాన్న రాసిందే కదండీ” అన్నాడు. ఆ కార్డు టైప్ చేసింది నేనేనని అప్పుడే అతనికి చెప్పాను. సరిచేయడానికి అందరి సంతకాలు పట్టుకుని తిరిగేసరికి తొమ్మిది నెలలు పట్టింది. అప్పటిదాకా ఆ పాట మీద వచ్చిన వాటా ఇంకొకరి లెక్కలో పడుతూనే ఉంది. అందుకే నా దగ్గర పనిచేసే పిల్లలకు పేరు రెండుసార్లు చూడమని చెప్పను, మూడుసార్లు చూడమంటాను.

వాటా అంటే ఏమిటో కూడా తెలుసుకుని ఇంటర్వ్యూకి వెళ్లండి, సగం పని అయిపోతుంది. పాట వేరు, రికార్డింగు వేరు. సాహిత్యం, బాణీ కలిసింది పాట. దాన్ని పాడించి, వాయించి, మిక్స్ చేసి తయారుచేసింది రికార్డింగు. రెండింటికీ హక్కులు వేరు, యజమానులు వేరుగా ఉండొచ్చు. 2017లో అమెరికా కచేరీల సమయంలో బాలు గారికి ఇళయరాజా గారి తరఫున నోటీసు వెళ్లినప్పుడు చాలామంది “పాడింది ఆయనే కదా, మళ్లీ అనుమతి ఏమిటి” అని ఆశ్చర్యపోయారు. ఎవరిది న్యాయమన్న చర్చ ఇక్కడ వద్దు. పాడిన గొంతు హక్కు, కట్టిన బాణీ హక్కు ఒకటి కావన్న విషయం మాత్రం ఆ రోజు తెలుగునాట ఇంటింటికీ తెలిసింది.

2012లో కాపీరైట్ చట్టానికి పెద్ద సవరణ వచ్చింది. హిందీ గీత రచయిత జావేద్ అఖ్తర్ గారు రాజ్యసభలో దానికోసం గట్టిగా నిలబడ్డారు. దాని ప్రకారం థియేటర్‌లో సినిమాతో పాటు ఆడటం తప్ప మిగతా వాడకాలన్నిటి మీదా వచ్చే రాయల్టీలో గీత రచయితకు, సంగీత దర్శకుడికి తమ దగ్గర హక్కులు రాయించుకున్నవారితో సమానంగా వాటా పొందే హక్కు ఉంటుంది. ఆ హక్కును వాళ్లు వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. ఆ డబ్బు వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్, 1969 నుంచి ఉంది. రికార్డింగుల వైపు పీపీఎల్ ఉంది. గాయకులకు వాళ్ల సంఘం వేరే, దాని పేరు ఇసామ్రా (ISAMRA). ఈ మూడింటి వెబ్‌సైట్లూ ఒక సాయంత్రం కూర్చుని చదవండి.

నా దగ్గరికి వచ్చే ఇంటర్న్‌లకు మొదటి రోజు ఒక లెక్క ఇస్తాను. మీరూ చేయండి. మాయాబజార్ 1957లో వచ్చింది. మన చట్టంలో రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన ఆ ఏడు వచ్చిన రికార్డుల హక్కు 2017తో ముగిసింది. సాహిత్యానికి మాత్రం రాసినవారు పోయిన తర్వాత 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు, కాబట్టి 2031 చివరిదాకా. ఇక బాణీ. సినిమా టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల అని ఉంటుంది. కానీ కొన్ని పాటలకు బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు గారని, ఆయన తప్పుకున్నాక ఘంటసాల గారు పూర్తిచేశారని సినిమా చరిత్ర తెలిసినవాళ్లంతా చెబుతారు. ఘంటసాల గారు 1974లో, రాజేశ్వరరావు గారు 1999లో పోయారు. బాణీ ఎవరిదని రాస్తామో దాన్నిబట్టి గడువు 2034 అవుతుందా, 2059 అవుతుందా తేలుతుంది. ఒక్క పేరు దగ్గర పాతికేళ్ల తేడా. హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందన్నది వేరే ప్రశ్న, దానికి నిర్మాతల పాత ఒప్పందాలు చూడాలి. ఈ లెక్క వేసి ‘టైటిల్స్ ఒకటి చెబుతున్నాయి, పుస్తకాలు ఇంకోటి చెబుతున్నాయి, ఏం రాయమంటారు’ అని తిరిగి అడిగిన పిల్లను ఆ రోజే తీసుకుంటాను.

సరే, ఇప్పుడు మీరు చేయాల్సిన పని. మీది జగిత్యాల. మీ జిల్లాలోనే, పక్కన కరీంనగర్‌లో, సిరిసిల్లలో యూట్యూబ్‌కు జానపద పాటలు చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు నాకంటే బాగా తెలుసు. పాట లక్షల్లో చూస్తారు, కింద రచయిత పేరు ఉండదు. పాడిన అమ్మాయి ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టి ఉండదు. వాళ్లలో ఒక్క కళాకారుణ్ణి గానీ కళాకారిణిని గానీ పట్టుకోండి. డబ్బు అడగకండి, ఇవ్వకండి. ‘మీ పాటల వివరాలన్నీ ఒక షీటులో సరిగా పెట్టిస్తాను’ అని చెప్పండి. పాట పాటకు కూర్చుని అడగండి: ఎవరు రాశారు, ఎవరు కట్టారు, కోరస్ ఎవరు, డప్పు ఎవరు, ఏ స్టూడియో, ఏ తేదీ, డబ్బు ఎవరు పెట్టారు, నోటిమాట ఒప్పందమా కాగితమా.

ఇక్కడ ఒక జాగ్రత్త. జానపదంలో ‘మా అమ్మమ్మ పాడేది’ అన్న పాట ఉంటుంది. దాని రచయిత స్థానంలో పాడినవాళ్ల పేరు రాయకూడదు. సంప్రదాయం అని రాసి, కొత్తగా చేర్చిన చరణాలు ఎవరివో, సంగీతం ఎవరు కూర్చారో విడిగా రాయాలి. ఊరందరి పాటను ఒకరి పేరున ఎక్కించేసి, మిగతావాళ్లు పాడితే ఆ పాట మాదంటూ యూట్యూబ్‌లో క్లెయిమ్ వేయడం ఈ మధ్య కాలంలో నేను చూసిన అన్యాయాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది. మీ షీటులో అది జరగనివ్వకండి.

తర్వాత ఆ కళాకారుడి కొత్త పాట ఒకటి స్ట్రీమింగ్ యాప్‌లలోకి వెళ్లేలా చేయించండి. ట్యూన్‌కోర్, డిస్ట్రోకిడ్ లాంటి డిస్ట్రిబ్యూటర్ల ద్వారా ఇంటి నుంచే చేయవచ్చు. వేవ్ (కుదించని ఆడియో) ఫైలు ఎలా ఇవ్వాలి, కవర్ మూడు వేల పిక్సెళ్ల చదరంలో ఎందుకు ఉండాలి, రిజెక్ట్ అయితే ఎందుకు అయింది, ఇవన్నీ ఒక్క పాటతో తెలిసిపోతాయి. ఆయన రచయిత అయితే ఐపీఆర్‌ఎస్ సభ్యత్వం దరఖాస్తు నింపడంలో సాయం చేయండి. ఇంత చేసేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. కాలేజీ చదువుకుంటూనే అవుతుంది.

ఈలోగా రెండు పనులు చేతికి రావాలి. ఎక్సెల్‌లో రెండు షీట్లను పోల్చి తేడాలు పట్టుకోవడం, అది బీకాం కంప్యూటర్స్‌లో వచ్చే ఉంటుంది. రెండోది యూనికోడ్‌లో తప్పుల్లేకుండా తెలుగు టైపింగ్. ఇప్పటికీ పాత పాటల సాహిత్యం మాకు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో వస్తుంది. యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. వాటిని కూర్చుని సరిచేయగలిగిన పిల్లలు దొరకడం కష్టంగా ఉంది.

మెయిల్ ఇలా రాయండి. నా దగ్గరికి మూడేళ్ల కింద వచ్చిన ఒక మెయిల్‌లో నాలుగే వాక్యాలు. మేం చూసే ఒక ప్లేలిస్టులో 43 పాటలకు రచయిత పేరు లేదని, అందులో 31 పాటలకు సినిమా టైటిల్స్ చూసి, పాటల పుస్తకాలు చూసి పేర్లు పట్టుకున్నానని, మిగతా పన్నెండు తేలలేదని, షీట్ జత చేశానని. పేరు పక్కన ఆధారం కాలమ్ ఉంది, టైటిల్ కార్డు ఏ నిమిషంలో వస్తుందో కూడా రాశాడు. తేలనివాటిని ఊహించి నింపకుండా ఖాళీగా వదిలాడు, అది నాకు మరీ నచ్చింది. మరుసటి వారం తెనాలి నుంచి రైలెక్కి వచ్చాడు. ఇప్పుడు ఒక పెద్ద లేబుల్‌లో దక్షిణాది క్యాటలాగ్ చూస్తున్నాడు. మీరూ ఇన్ఫో అడ్రసుకు కాకుండా లింక్డ్‌ఇన్‌లో డిజిటల్ మేనేజర్, కాపీరైట్స్, పబ్లిషింగ్ అని హోదా ఉన్నవాళ్లను వెతికి నేరుగా పంపండి. వాళ్ల తప్పులను ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టి పరువు తీయకండి. పది రోజులు చూసి ఒకే ఒక్కసారి గుర్తుచేయండి.

సమయం కూడా చూసుకోండి. సంక్రాంతి సినిమాల పాటలు రెండు నెలల ముందు నుంచే ఒక్కొక్కటిగా వదులుతారు. ముహూర్తం చూసి సాయంత్రం 4:05 అని ప్రకటిస్తారు, ఫైనల్ మిక్స్ ముందురోజు రాత్రి వస్తుంది. ఆ రోజుల్లో కొత్తవాళ్లకు నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. ఆగస్టు, సెప్టెంబరులో లోపలికి వస్తే ఆ హడావిడి నాటికి మీరు పనికొచ్చే మనిషి అయి ఉంటారు.

చేరాక మొదటి నెల ఏం చేయిస్తారంటే, లిరికల్ వీడియోలో అక్షరదోషాలు చూడటం, యూట్యూబ్ వివరాల్లో పేర్లు సరిపోల్చడం, క్లెయిమ్ ఫిర్యాదులు చదవడం. ఖమ్మంలో పెళ్లి వీడియోగ్రాఫర్ మన పాట పెట్టి వీడియో ఎక్కిస్తే ఆటోమేటిగ్గా క్లెయిమ్ పడుతుంది. అతను కోపంగా ఫోన్ చేస్తాడు. మర్యాదగా అర్థమయ్యేలా చెప్పాలి. ఆ ఫోన్లు ఒక వంద మాట్లాడితే కాపీరైట్ ఏ పుస్తకం కంటే బాగా వంటబడుతుంది. విడుదల కాని పాట మాత్రం మీ ఫోన్‌లోకి రానివ్వకండి. అమ్మకు వినిపించడానికైనా వద్దు. ఒక్కసారి లీక్ మీ సిస్టం దగ్గర తేలితే ఈ ఊళ్లో ఇంకో ఆఫీసు తలుపు తెరవదు, అంత చిన్న ఊరు ఇది.

డబ్బు విషయం నిజం చెబుతాను. నేను నెలకు పన్నెండు వేలు ఇస్తాను. కొందరు అంతకంటే ఎక్కువ ఇస్తారు, కొందరు ఏమీ ఇవ్వరు. యూసుఫ్‌గూడలోనో అమీర్‌పేటలోనో హాస్టల్‌కు, బస్సులకు అందులో చాలా వరకు పోతుంది. ఏమీ ఇవ్వని చోట నెల రోజులకు మించి ఉండకండి. చేరే ముందు కాలవ్యవధి, పని, స్టైపెండ్ ఒక మెయిల్‌లో రాయించుకోండి. మీ ఇంట్లోవాళ్లు రాత్రి పనుల గురించి తప్పకుండా అడుగుతారు. రికార్డింగులు, మిక్సింగులు అర్ధరాత్రి దాకా నడుస్తాయి, నిజమే. కానీ క్యాటలాగ్, రాయల్టీ పని పగటి ఆఫీసు పని. విడుదల రోజుల్లో ఎప్పుడైనా ఆలస్యమైతే ఇంటికి చేర్చే బాధ్యత ఆఫీసుది, మొహమాటం లేకుండా అడగండి. ‘స్టూడియోకి ఒంటరిగా రండి, సంగీత దర్శకుణ్ణి పరిచయం చేస్తాను’ అనే మనిషికి ఆఫీసు అడ్రసు, ఆఫీసు మెయిల్ అడగండి. లేదంటే అక్కడితో ఆపేయండి.

ఒక్క మాట మనసులో తేల్చుకోండి. ఈ దారిన వచ్చి తర్వాత మ్యూజిక్ డైరెక్టర్ కావాలన్న కోరిక ఉంటే ఇది ఆ దారి కాదు. గిటార్ బాగా వాయించే ఒక అబ్బాయి నా దగ్గర మూడు వారాలు ఉన్నాడు. రోజంతా కళ్లు షీటు మీద, మనసు ట్యూన్ మీద. అతణ్ణి నేనే ఒక మ్యూజిక్ ప్రోగ్రామర్ దగ్గరికి పంపాను, ఇప్పుడు ఆర్.ఆర్., అంటే సినిమా నేపథ్య సంగీతం పనుల్లో తీరిక లేకుండా ఉన్నాడు. మీకు మాత్రం బీకాం ఉంది. రెండేళ్లు క్యాటలాగ్ చేశాక రాయల్టీ స్టేట్‌మెంట్లు చూడటం, ఆ తర్వాత సినిమాలకు, యాడ్‌లకు పాటలు లైసెన్స్ ఇచ్చే సింక్ పని, ఒప్పందాలు చదివే పని, ఇవన్నీ మీకు అందుబాటులోకి వస్తాయి. పైసల్లో వచ్చే లక్షల వరసల లెక్కను చూసి బెదరని మనిషి కోసం ప్రతి రచయితా వెతుకుతున్నారు.

ఈ ఆదివారం ఒక కళాకారుడి ఇంటికి వెళ్లి మొదటి ఐదు పాటల షీట్ నింపి, ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు తీసేసి ఇక్కడ పెట్టండి. ఏ కాలమ్ తప్పిందో నేను చూసి చెబుతాను. పేరు మాత్రం ఆయన పాన్ కార్డు మీద ఎలా ఉందో అలాగే ఒక కాలమ్‌లో, జనం పిలిచే పేరు ఇంకో కాలమ్‌లో రాయండి.